పాత రెక్క మీద కొత్త విమానం: ఎండీ-11 ఎందుకు నిలదొక్కుకోలేకపోయింది?

1991 ఆగస్టు 2న సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఎండీ-11 ఆర్డర్‌ను రద్దు చేసుకుంది. అయిదు విమానాలు ఖాయంగా, పదిహేను వీలునుబట్టి తీసుకునేలా మొత్తం ఇరవై విమానాల బేరం అది. ఆ స్థానంలో ఎయిర్‌బస్ ఏ340-300 వచ్చింది. అప్పటికి ఎండీ-11 ప్రయాణికులతో ఎగరడం మొదలై ఎనిమిది నెలలైనా నిండలేదు. తయారీదారు చెప్పినంత దూరం, చెప్పినంత బరువుతో ఈ విమానం వెళ్లలేకపోతోందన్నదే సింగపూర్ ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో అతిశయోక్తి లేదు.

ఈ విమానాన్ని తయారుచేసిన అమెరికన్ సంస్థ మెక్‌డొనెల్ డగ్లస్ 300కు పైగా ఎండీ-11లు అమ్ముడవుతాయని లెక్క వేసుకుంది. తయారైనవి సరిగ్గా 200. వాటిలో ప్రయాణికుల కోసం కట్టిన మామూలు రకం 131. సరుకు రవాణాకే కట్టిన ఫ్రైటర్లు 53. ప్రయాణికులు, సరుకు ఒకే అంతస్తులో వెళ్లే కాంబీలు 5, అవసరాన్నిబట్టి మార్చుకునే రకం 6, ఎక్కువ దూరం వెళ్లే ఈఆర్ రకం 5. 1998 ఏప్రిల్‌లో బెల్జియం ఎయిర్‌లైన్ సబేనాకు అందించినదే చివరి ప్రయాణికుల విమానం. 2001 ఆరంభంలో లుఫ్తాన్సా కార్గోకు చివరి రెండు ఫ్రైటర్లు అందాక లాంగ్‌బీచ్‌లో ఈ విమానాల తయారీ ముగిసింది.

ఈ పతనానికి చాలామంది ఒక్క మాటలో కారణం చెబుతారు: రెండు ఇంజిన్ల బోయింగ్ 777 వచ్చి మూడు ఇంజిన్ల విమానాన్ని మింగేసిందని. అందులో నిజం ఉంది కానీ అది సగం కథ. 777 రాకముందే ఎండీ-11 దెబ్బ తినేసింది. అసలు కారణం 1986లో డిజైన్ బల్లల మీద తీసుకున్న నిర్ణయాల్లో ఉంది. అదే సంస్థ పాత విమానం డీసీ-10 నుంచి ఏ భాగాన్ని అలాగే ఉంచాలి, దేన్ని మార్చాలి అన్నచోటే ఈ విమానం జాతకం ఖరారైంది.

డీసీ-10 వదిలి వెళ్లినవి

డీసీ-10 తొలిసారి 1970 ఆగస్టు 29న ఎగిరింది. సైనిక ట్యాంకర్లు 60 కలుపుకుని మొత్తం 446 తయారయ్యాయి. అదే మార్కెట్‌లో అదే పరిమాణంతో, అదే మూడు ఇంజిన్లతో లాక్‌హీడ్ ఎల్-1011 ట్రైస్టార్ కూడా దిగింది. అవి 250 మాత్రమే అమ్ముడయ్యాయి. ఒక విమానానికే చాలీచాలని మార్కెట్‌ను రెండు సంస్థలు పంచుకున్నాయి. లాక్‌హీడ్ ఆ దెబ్బతో ప్రయాణికుల విమానాల వ్యాపారమే మానుకుంది. డగ్లస్ మిగిలింది గానీ, రెండు నడవలుండే కొత్త వెడల్పాటి (వైడ్‌బాడీ) విమానాన్ని మొదటి నుంచి రూపొందించేంత డబ్బు దాని చేతిలో మిగల్లేదు.

దానికి తోడు ప్రమాదాల మచ్చ. 1974 మార్చి 3న టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 కార్గో తలుపు ఊడి పారిస్ సమీపంలో కూలింది. 346 మంది చనిపోయారు. 1979 మే 25న షికాగోలో టేకాఫ్ తీసుకుంటున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 ఎడమ ఇంజిన్ దాన్ని పట్టి ఉంచే పైలాన్‌తో సహా ఊడిపోయింది. నేల మీద ఉన్న ఇద్దరితో కలిపి 273 మంది మరణించారు. రెండో ప్రమాదానికి మూలం మెయింటెనెన్స్ పద్ధతి. ఇంజిన్‌ను, పైలాన్‌ను విడివిడిగా దింపాల్సింది పోయి, రెంటినీ కలిపి ఫోర్క్‌లిఫ్ట్‌తో దింపి ఎక్కించడంలో పైలాన్ వెనుక భాగం పగిలింది. అయినా మచ్చ పడింది విమానం పేరు మీదే.

ఇలాంటి పరిస్థితిలో డీసీ-10నే పొడిగించి, ఇంజిన్లు మార్చి, కాక్‌పిట్ కొత్తగా అమర్చి అమ్ముదామన్న ఆలోచన సంస్థకు సహజంగానే తట్టింది. డెబ్బైల చివరి నుంచి రకరకాల పేర్లతో ఆ ప్రతిపాదనలు నడిచాయి. 1983లో ఎండీ-100 పేరిట ఒకటి దాదాపు ఖరారై మూలనపడింది. చివరకు 1986 డిసెంబర్ 30న ఎండీ-11 కార్యక్రమం అధికారికంగా మొదలైంది. చేతిలో 52 ఖాయమైన ఆర్డర్లు, 40 ఐచ్ఛిక ఆర్డర్లు ఉన్నాయి. ఎయిర్‌బస్ తన ఏ330, ఏ340 జంటను ప్రారంభించింది 1987 జూన్‌లో. అంటే డగ్లస్ ఆరు నెలలు ముందుంది. పాత విమానాన్ని మెరుగుపరచడంలో ఉన్న పెద్ద లాభమే అది: పోటీదారు కంటే ముందుగా మార్కెట్‌కు చేరవచ్చు.

ఆ లాభం నిలవలేదు. 1989 వసంతంలో ఎగరాల్సిన విమానం, విడిభాగాల సరఫరాలో ఆలస్యాలు, తయారీలో చిక్కులు, కార్మిక వివాదాల మధ్య 1990 జనవరి 10కి గానీ గాల్లోకి లేవలేదు. అదే ఏడాది నవంబర్ 8న అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ధ్రువీకరణ వచ్చింది. డిసెంబర్ 20న ఫిన్‌ఎయిర్ విమానం తొలిసారి ప్రయాణికులను ఎక్కించుకుంది. ధ్రువీకరణకు మూడు వారాలకు పైగా ముందు, అక్టోబర్ మధ్యలో, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777కు తొలి ఆర్డర్ ఇచ్చింది. అలా ఎండీ-11 మార్కెట్‌లోకి వస్తూనే, దాన్ని పక్కకు నెట్టే విమానానికి తొలి గిరాకీ దొరికింది.

మారనిది రెక్క

డీసీ-10-30తో పోలిస్తే ఎండీ-11 పొడవు సుమారు 5.7 మీటర్లు పెరిగింది. ముగ్గురు పనిచేసే కాక్‌పిట్ ఇద్దరికి కుదిరింది. ఫ్లైట్ ఇంజినీర్ చూసుకునే ఇంధనం, హైడ్రాలిక్స్, విద్యుత్, గాలి ఒత్తిడి వ్యవస్థలను కంప్యూటర్లకు అప్పగించారు. గుండ్రటి మీటర్ల వరుసలు పోయి ఆరు పెద్ద తెరలు వచ్చాయి. ఆ కాలానికి ఇది ముందంజలో ఉన్న కాక్‌పిట్. పైలట్లు ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. ఇంజిన్లు జనరల్ ఎలక్ట్రిక్ సీఎఫ్6-80సీ2 లేదా ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ4460. ఒక్కొక్కటి సుమారు 60 వేల పౌండ్ల తోపుడు ఇస్తుంది. రోల్స్ రాయిస్ ట్రెంట్‌ను మూడో ఎంపికగా పెట్టారు గానీ, దాన్ని కోరిన ఎయిర్ యూరప్ 1991లో కుప్పకూలడంతో ఆ ముచ్చట అక్కడితో ముగిసింది.

గరిష్ఠ టేకాఫ్ బరువు డీసీ-10-30లో సుమారు 259 టన్నులు. ఎండీ-11లో అది 273 టన్నులకు, తర్వాతి సవరణలతో 286 టన్నులకు చేరింది. అదనపు బరువంతా మోయాల్సిన రెక్క మాత్రం దాదాపు పాతదే. వెనుక అంచు వంపు కొంచెం పెంచారు. కొసలకు పైకీ కిందికీ నిలిచే వింగ్‌లెట్లు అతికించారు. కొత్త రెక్క వేయాలంటే సంవత్సరాల పని, సంస్థ భరించలేని ఖర్చు. కనుక అరవైల చివర్లో గీసిన రెక్కే తొంభైల విమానానికీ ఆధారమైంది.

దీని మూల్యం ఎంతో అంచనా వేయడం కష్టం కాదు. ఎండీ-11 రెక్కల కొస నుంచి కొసకు దూరం సుమారు 51.7 మీటర్లు. ఏ340-300లో అది 60.3 మీటర్లు. విమానాన్ని గాల్లో నిలబెట్టే క్రమంలోనే పుట్టే గాలి నిరోధం, అదే బరువు, అదే వేగం దగ్గర, ఈ దూరం వర్గానికి విలోమంగా మారుతుంది. 60.3ను 51.7తో భాగించి వర్గం చేస్తే 1.36 వస్తుంది. వింగ్‌లెట్ల సంగతి పక్కనపెడితే, ఆ రకం నిరోధం ఎండీ-11లో మూడో వంతుకు పైగా ఎక్కువన్నమాట. మొత్తం నిరోధంలో ఇది ఒక భాగమే. కానీ పన్నెండు వేల కిలోమీటర్ల ప్రయాణంలో గంట గంటకూ కాలే ఇంధనంలో ఆ భాగం కనిపిస్తూనే ఉంటుంది. వింగ్‌లెట్లు ఆ లోటును కొంత పూడ్చగలవు. ఎనిమిదిన్నర మీటర్ల తేడాను మాత్రం పూడ్చలేవు.

తోకతో చేసిన ప్రయోగం

రెక్క మార్చే వీలు లేనప్పుడు ఇంజినీర్ల కన్ను తోక మీద పడింది. ఎండీ-11లోని అన్ని నిర్ణయాల్లోకీ తెలివైనది, తర్వాత ఎక్కువ చిక్కులు తెచ్చినదీ ఇదే.

మామూలు విమానంలో గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, రెక్క పైకెత్తే బిందువుకు కొంచెం ముందుంటుంది. అందువల్ల ముక్కు కిందికి వాలాలని చూస్తుంది. దాన్ని నిలపడానికి అడ్డతోక తనను తాను కిందికి నొక్కుకుంటుంది. భుజాన కావడి మోసే మనిషి ముందు కడవ బరువెక్కువైతే వెనుక కొసను చేత్తో నొక్కి పట్టుకుంటాడు. అప్పుడు భుజం మీద కడవల బరువుతో పాటు ఆ చేతి నొక్కుడు కూడా పడుతుంది. విమానంలోనూ అంతే. తోక కిందికి నొక్కే ప్రతి కిలోనూ రెక్క అదనంగా మోయాలి. బరువును కొంచెం వెనక్కి జరిపితే నొక్కుడు తగ్గుతుంది, రెక్కకు తెరిపి దొరుకుతుంది, ఇంధనం మిగులుతుంది.

డగ్లస్ చేసింది ఇదే. అడ్డతోకను డీసీ-10 కంటే దాదాపు 30 శాతం చిన్నది చేసింది. అందులోనే సుమారు 2,000 గ్యాలన్లు, అంటే ఏడున్నర వేల లీటర్లు పట్టే ఇంధన ట్యాంకు పెట్టింది. విమానం ఎత్తుకు చేరాక కంప్యూటర్ ఇంధనాన్ని తోకలోకి పంపి గరిమనాభిని వెనక్కి జరుపుతుంది. దిగే ముందు మళ్లీ ముందుకు తెస్తుంది.

గరిమనాభి వెనక్కి జరిగితే విమానానికి సహజంగా ఉండే స్థిరత్వం తగ్గుతుంది. చిన్న తోక వల్ల ముక్కు ఊపును అణిచే శక్తి కూడా తగ్గుతుంది. ఈ రెండు లోట్లనూ ఎల్‌ఎస్‌ఏఎస్ అనే వ్యవస్థ సర్దుతుంది. పైలట్ చేతిలోని కంట్రోల్ కాలమ్ కదలకుండానే అది అడ్డతోక వెనుక అంచున ఉండే కదిలే పలకలను (ఎలివేటర్లను) అయిదు డిగ్రీల మేర అటూ ఇటూ తిప్పుతూ ముక్కును నిలకడగా ఉంచుతుంది. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఇది చక్కగా పనిచేస్తుంది. చిక్కంతా రన్‌వేకు యాభై అడుగుల ఎత్తులో ఉంది. దాని సంగతి తర్వాత.

మాట తప్పిన అంకెలు

27.7 టన్నుల పేలోడ్‌తో, అంటే ప్రయాణికులు, సరుకు కలిపిన బరువుతో, 7,000 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 12,960 కిలోమీటర్లు వెళ్తుందని సంస్థ హామీ ఇచ్చింది. తొలి విమానాలు ఆ దూరం చేరాలంటే పేలోడ్‌ను 22 టన్నులకు తగ్గించుకోవాల్సి వచ్చింది. పూర్తి ప్రయాణికులతో అయితే 12,025 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయాయి.

తగ్గిన 5.7 టన్నులను ఎయిర్‌లైన్ లెక్కలో చూడాలి. ప్రయాణికుడు, అతని సామాను కలిపి 95 కిలోలు అనుకుంటే ఇది అరవై మంది బరువు. మూడు తరగతులుగా సర్దితే 293 సీట్లుండే విమానంలో అరవై సీట్లు ఖాళీగా పోతే లాభమంతా ఆవిరైపోతుంది. లేదంటే ఆ మేరకు కడుపులోని సరుకు వదులుకోవాలి. సుదూర మార్గాల్లో సరుకు మీద వచ్చే డబ్బే చాలాసార్లు లాభనష్టాలను తేలుస్తుంది.

లోటు ఒక్కచోట లేదు. ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ ఇంధనం తాగాయి. విమానం అనుకున్నదానికంటే బరువెక్కింది. గాలి నిరోధం లెక్కకు మించింది. ఒక్కొక్కటి చిన్నదే. కానీ ఇలాంటి లోట్లు ఒకదాన్నొకటి పెంచుతాయి: ఎక్కువ కాలే ఇంధనాన్ని ముందే నింపుకోవాలి, ఆ ఇంధనపు బరువును మోయడానికి మరికొంత ఇంధనం కావాలి. కొత్త రెక్క ఉన్న విమానంలో ఇలాంటి లోటు వస్తే సర్దుకునే వెసులుబాటు కొంత ఉంటుంది. ఎండీ-11 రెక్క మొదటి రోజు నుంచే తన హద్దు దగ్గర పనిచేస్తోంది.

సంస్థ చేతులు కట్టుకు కూర్చోలేదు. ఇంజిన్ తయారీదారులు, నాసాతో కలిసి 1990 నుంచి 1995 దాకా పనితీరు మెరుగుదల కార్యక్రమం నడిపింది. బరువు తగ్గించారు, గాలికి అడ్డొచ్చే అంచులను సరిచేశారు, ఇంజిన్లను మెరుగుపరిచారు, ఇంధనం, టేకాఫ్ బరువు పెంచారు. 1995కల్లా విమానం మొదట చెప్పిన దూరాన్ని అందుకుంది. ఈఆర్ రకం అదనపు ట్యాంకుతో 13,400 కిలోమీటర్లు వెళ్లగలిగింది. ఇంజినీర్ల కృషిని తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ కొనేవాళ్లు అయిదేళ్లు ఆగరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ఎండీ-11లను 1995లోనే ఫెడెక్స్‌కు అమ్మేందుకు ఒప్పందం చేసుకుంది. ఈఆర్ రకం కొత్తగా కట్టినవి అయిదే అన్న సంగతి చూస్తే మార్కెట్ ఎంత దూరం వెళ్లిపోయిందో తెలుస్తుంది.

మూడో ఇంజిన్ అవసరం తీరిపోయింది

మూడు ఇంజిన్ల విమానాలు పుట్టిందే ఒక నిబంధన వల్ల. రెండు ఇంజిన్ల విమానం, ఒక ఇంజిన్ ఆగినా, గంటలోపు చేరగల విమానాశ్రయానికి దగ్గరగానే ఎగరాలన్నది పాత నియమం. అట్లాంటిక్‌ను నేరుగా దాటాలంటే మూడోది కావాల్సిందే. 1985లో ఆ హద్దు 120 నిమిషాలకు, 1988లో 180 నిమిషాలకు పెరిగింది. బోయింగ్ 767లు అట్లాంటిక్ మీద బస్సుల్లా తిరగడం మొదలైంది. 1995 జూన్‌లో 777 సేవలోకి దిగిన రోజునే 180 నిమిషాల అనుమతితో దిగింది. గతంలో ఏళ్ల తరబడి ఎగిరి నమ్మకం సంపాదించాక దొరికే అనుమతి అది.

అక్కడి నుంచి లెక్క సూటిగా ఉంది. దాదాపు అంతే మందిని మోసే రెండు విమానాల్లో ఒకదానికి ఓవర్‌హాల్ చేయాల్సిన ఇంజిన్లు రెండు, మరోదానికి మూడు. పైగా ఎండీ-11 మూడో ఇంజిన్ నిలువు తోక మొదట్లో, నేలకు చాలా ఎత్తున ఉంటుంది. రెక్క కింది ఇంజిన్‌ను మామూలు స్టాండ్లతో చూసుకోవచ్చు. తోక ఇంజిన్‌కు ప్రత్యేకమైన ఎత్తైన స్టాండ్లు, హాయిస్టులు కావాలి. అవి లేని ఊళ్లో ఆ ఇంజిన్ మొరాయిస్తే విమానం అక్కడే పడి ఉంటుంది.

మెక్‌డొనెల్ డగ్లస్‌కు ఇది తెలియక కాదు. 1992లో రెండంతస్తుల, నాలుగు ఇంజిన్ల ఎండీ-12ను ప్రతిపాదించింది. తైవాన్ పెట్టుబడి మీద పెట్టుకున్న ఆశ ఫలించక అది కాగితం దాటలేదు. తర్వాత ఎండీ-ఎక్స్‌ఎక్స్ పేరుతో ఎండీ-11 శరీరానికి పెద్ద కొత్త రెక్క వేసే ఆలోచన వచ్చింది. 1986లో వేయాల్సిన రెక్క అదే. 1996 అక్టోబర్‌లో సంస్థ దాన్నీ పక్కనపెట్టింది. పది నెలల్లో, 1997 ఆగస్టు 1న, సంస్థే బోయింగ్‌లో విలీనమైంది. సొంతంగా 777 అమ్ముకుంటున్న బోయింగ్ 1998 జూన్‌లో ఎండీ-11 తయారీ ఆపేస్తామని ప్రకటించింది.

తేదీల వరుస ఇక్కడ ముఖ్యం. 229 మందిని బలిగొన్న స్విస్‌ఎయిర్ 111 ప్రమాదం జరిగింది 1998 సెప్టెంబర్ 2న, కెనడాలోని హాలిఫాక్స్ తీరంలో. ఆ ప్రమాదమే ఎండీ-11ను చంపిందన్న మాట అందుకే నిలవదు. అప్పటికే నిర్ణయం అయిపోయింది. కాక్‌పిట్ పైకప్పు వెనుక తీగల్లో పుట్టిన నిప్పురవ్వ, లోహపు పూత ఉన్న ప్లాస్టిక్ ఇన్సులేషన్ తొడుగుకు అంటుకుంది. ప్రయాణికుల వినోద వ్యవస్థకు వేసిన తీగలు ఆ ఆరంభంలో భాగమై ఉండవచ్చని దర్యాప్తు తేల్చింది. ఆ తొడుగు అప్పటి మంట పరీక్షల్లో నెగ్గినదే. పరీక్షే బలహీనమని తేలాక, అలాంటి తొడుగులను వందల విమానాల్లోంచి తీయించారు.

సరుకు విమానంగా రెండో జీవితం

ప్రయాణికుల మార్కెట్ వద్దనుకున్న విమానాన్నే సరుకు మార్కెట్ వెతుక్కుంటూ వచ్చింది. దానికి గట్టి కారణాలున్నాయి. ఎక్స్‌ప్రెస్ పార్సిల్ విమానం రాత్రి హబ్‌కు చేరుతుంది, తెల్లవారకముందే బయలుదేరుతుంది, పగలంతా ఆగి ఉంటుంది. రోజుకు పద్నాలుగు గంటలు ఎగిరే ప్రయాణికుల విమానానికి ఇంధనమే ప్రధాన ఖర్చు. అయిదారు గంటలే ఎగిరేదానికి కొన్న ధరే ప్రధానం. ఎయిర్‌లైన్లు వదిలించుకుంటున్న ఎండీ-11లు చవకగా దొరికాయి. పై అంతస్తులో 26 ప్యాలెట్లు పడతాయి. సుమారు 90 టన్నులు మోస్తుంది. 747 ఫ్రైటర్ అంత పెద్దది అక్కర్లేని మార్గాలకు, 2009లో 777 ఫ్రైటర్ వచ్చేదాకా, ఈ పరిమాణంలో దీనికి సమాధానమే లేదు.

ఫెడెక్స్, యూపీఎస్, లుఫ్తాన్సా కార్గో దీన్ని పెద్ద సంఖ్యలో నడిపాయి. శంషాబాద్ నుంచి యూరప్‌కు హైదరాబాద్ మందులు మోసిన లుఫ్తాన్సా కార్గో ఫ్రైటర్లు కూడా ఇవే. ఉష్ణోగ్రత హద్దు దాటకూడని సరుకును, ప్రయాణికుల విమానం కడుపులో పట్టనంత పరిమాణంలో తీసుకెళ్లే వీలు వాటితో దొరికింది. ఆ సంస్థ చివరి ఎండీ-11ను 2021 అక్టోబర్‌లో విరమింపజేసింది. ప్రయాణికుల సేవలో చివరిగా మిగిలింది కేఎల్‌ఎం; 2014 అక్టోబర్ 26న మాంట్రియల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు దాని ఆఖరి షెడ్యూల్ విమానం చేరింది.

యాభై అడుగుల ఎత్తులో చిక్కు

పాత రెక్క, పెరిగిన బరువు, చిన్న తోక. ఈ మూడూ కలిసి ప్రాణాల మీదికి తెచ్చింది ల్యాండింగ్‌లో. బరువుకు తగినంత రెక్క లేనప్పుడు నెమ్మదిగా దిగడం కుదరదు. నిండుగా ఉన్న ఎండీ-11 ఫ్రైటర్ 155 నుంచి 160 నాట్ల, అంటే గంటకు దాదాపు 290 కిలోమీటర్ల వేగంతో రన్‌వేను సమీపిస్తుంది. ఫ్రైటర్ గరిష్ఠ ల్యాండింగ్ బరువు 213 టన్నులకు పైనే.

తప్పు జరిగే క్రమం దాదాపు ప్రతిసారీ ఒకటే. దిగే వేగం కొంచెం ఎక్కువై చక్రాలు గట్టిగా తాకుతాయి. విమానం ఎగిరిపడుతుంది. చక్రాలు తిరగగానే రెక్క మీది స్పాయిలర్లనే పలకలు తెరుచుకుంటాయి. అవి ముక్కును పైకి లేపుతాయి, రెక్క పైకెత్తే బలాన్ని కోసేస్తాయి. ముక్కు లేవడం చూసిన పైలట్ కాలమ్‌ను ముందుకు తోస్తాడు. చిన్న తోక వల్ల ఊపును అణిచే శక్తి తక్కువ కనుక ముక్కు అనుకున్నదానికంటే వేగంగా పడుతుంది. దాన్ని సరిచేయబోయి మళ్లీ లాగుతాడు. రెండో తాకుడు మొదటిదానికంటే గట్టిగా ఉంటుంది. ఇదంతా మూడు నాలుగు సెకన్ల వ్యవహారం; ఆలోచించి చేసే వ్యవధి ఉండదు.

రెండో తాకుడులో ఒక పక్క ప్రధాన ల్యాండింగ్ గేర్ మీద హద్దు మీరిన బరువు పడితే, అది నేరుగా రెక్క వెనుక దూలాన్ని విరిచేస్తుంది. రెక్క విరిగిన పక్క కూలి, రెండో రెక్క గాలికి లేచి విమానం వెల్లకిలా పడుతుంది. 1997 జూలై 31న నెవార్క్‌లో ఫెడెక్స్ విమానానికి ఇదే జరిగింది. అదృష్టవశాత్తూ అయిదుగురూ బయటపడ్డారు. 1999 ఆగస్టు 22న హాంకాంగ్‌లో తుపాను గాలుల మధ్య దిగిన చైనా ఎయిర్‌లైన్స్ విమానం తలకిందులైంది. 315 మందిలో ముగ్గురు చనిపోయారు. 2009 మార్చి 23న జపాన్‌లోని నరితాలో ఫెడెక్స్ పైలట్లిద్దరూ మంటల్లో ప్రాణాలు కోల్పోయారు. 2010 జూలై 27న రియాద్‌లో లుఫ్తాన్సా కార్గో విమానం ఎగిరిపడి విరిగిపోయింది.

నరితా ప్రమాదంపై జపాన్ దర్యాప్తు నివేదికలో ఒక అంశం మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. గేర్‌ను రెక్కకు కలిపే చోట, అతిభారం పడితే తెగిపోయేలా పిన్నులు ఉంటాయి. గేర్ విడిగా ఊడిపోయి ఇంధనం నిండిన రెక్క సురక్షితంగా మిగలాలన్నది ఉద్దేశం. ఆ పిన్నులు వెనక్కి లాగే భారానికి తెగేలా ఉన్నాయి గానీ, నిలువుగా పైకి నొక్కే భారానికి కాదు. అలా ఉండి ఉంటే మంట తీవ్రత తగ్గి ఉండేదని నివేదిక అభిప్రాయపడింది. ఇదీ పాత విమానం నుంచి సంక్రమించిన ఆలోచనే.

మార్పులు జరిగాయి. నెవార్క్ తర్వాతి కాలంలో ఎల్‌ఎస్‌ఏఎస్ సాఫ్ట్‌వేర్‌లో ముక్కు ఊపును అణిచే సామర్థ్యం పెంచారు. శిక్షణలో సూత్రం స్పష్టంగా చెప్పారు: ఎగిరిపడితే కాలమ్ తోయొద్దు, ముక్కును ఏడున్నర డిగ్రీల దగ్గర పట్టి ఉంచు, ఇంజిన్ల శక్తి పెంచి దిగే వేగాన్ని తగ్గించు, అనుమానం ఉంటే మళ్లీ పైకి లేచిపో. పాటిస్తే ఇది పనిచేస్తుంది. పైలట్ రెండు సెకన్లలో సరిగ్గా చేయాల్సిన పని మీద ఒక విమానం భద్రత ఇంతగా ఆధారపడటం మాత్రం డిజైన్ లోపమే అనాలి.

డిజైన్ బాగా పనిచేసిన చోట్లు కూడా ఉన్నాయి. 1989 జూలై 19న అమెరికాలోని సూ సిటీలో డీసీ-10 తోక ఇంజిన్ పగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఖాళీ అయ్యాయి. ఆ పాఠంతో ఎండీ-11 తోకలో ద్రవం మొత్తం కారిపోకుండా ఆపే కవాటం పెట్టారు. 1995 ఆగస్టు 29న నాసా ఒక అడుగు ముందుకేసి, ఎండీ-11ను ఇంజిన్ల శక్తి హెచ్చుతగ్గులతోనే నడిపి ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం రన్‌వే మీద దింపింది. పైలట్ ఎలివేటర్లు, రడ్డర్ ముట్టుకోలేదు. కంప్యూటర్ కార్యక్రమంతోనే అది సాధ్యమైంది. ఏ ఎయిర్‌లైన్ విమానంలోనూ అది అమలు కాకపోవడం విచారకరం.

పైలాన్ మళ్లీ తెరపైకి

2025 నవంబర్ 4న అమెరికాలోని లూయిస్‌విల్‌లో టేకాఫ్ తీసుకుంటున్న యూపీఎస్ ఎండీ-11 ఫ్రైటర్ ఎడమ ఇంజిన్ పైలాన్‌తో సహా ఊడిపోయింది. విమానంలోని ముగ్గురు సిబ్బందితో పాటు నేల మీద ఉన్నవారూ ప్రాణాలు కోల్పోయారు. నాలుగు రోజుల్లో ఎఫ్‌ఏఏ ఎండీ-11లన్నిటినీ నేల మీదే ఉంచాలని ఆదేశించింది. ఆ వెంటనే డీసీ-10లకూ దాన్ని వర్తింపజేసింది. అప్పటికి యూపీఎస్ విమానాల్లో సుమారు 9 శాతం, ఫెడెక్స్ విమానాల్లో సుమారు 4 శాతం ఎండీ-11లే.

1979 షికాగో దృశ్యంతో పోలిక వెంటనే వచ్చింది గానీ కారణం వేరు. ప్రాథమిక దర్యాప్తులో, పైలాన్‌ను రెక్కకు వెనుక భాగాన పట్టి ఉంచే చెవుల్లాంటి లోహపు భాగాల్లో, పదేపదే పడిన ఒత్తిడితో మెల్లగా పెరిగిన ఫెటీగ్ పగుళ్లు కనిపించాయి. విమానం వయసు 34 ఏళ్లు. థాయ్ ఎయిర్‌వేస్‌లో ప్రయాణికుల విమానంగా మొదలై ఫ్రైటర్‌గా మారినది. అప్పటికి అది సుమారు 21 వేల సార్లు ఎగిరి దిగింది. ఆ భాగాలకు ప్రత్యేక తనిఖీ జరపాల్సిన గడువు 28 వేల సార్లు ఎగిరి దిగాక. అంటే తనిఖీ పట్టిక ప్రకారం ఆ భాగాన్ని ఎవరూ ఇంకా లోతుగా చూడాల్సిన సమయం రాలేదు. పగుళ్లు మాత్రం గడువుకు ముందే పెరిగాయి.